సొమ్మొకడిది, పచ్చదనమొకడిది

పెద్ద దుకాణాలు తలుచుకుంటే చాలు, సరుకు దానంతటదే పచ్చబడుతుందనే మాట ఇప్పుడు వాణిజ్య పత్రికల్లో, పర్యావరణ సభల్లో, కంపెనీల వార్షిక నివేదికల్లో ఒకే గొంతుతో వినిపిస్తోంది. వాదన చూడ్డానికి బలంగానే ఉంటుంది. ప్రభుత్వాలది నత్తనడక. కొనేవాళ్లు కోట్ల మంది, వాళ్ల అలవాట్లు మార్చడం ఒక పట్టాన అయ్యే పని కాదు. పండించేవాళ్లు లక్షల మంది, ఒక్కొక్కరిదీ ఒక్కో ఇబ్బంది. ఈ ఇద్దరి మధ్యా కూర్చున్న పెద్ద రిటైల్ సంస్థలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. కాబట్టి వాటి అధిపతుల్ని ఒప్పిస్తే పని అయిపోతుందట. వాళ్లు ఒక గడువు ప్రకటిస్తారు, సరఫరాదారులకు ఒక షరతు పెడతారు, పొలం నుంచి అల్మారా దాకా గొలుసు మొత్తం దారికొస్తుంది.

ఈ వాదన కొంచెం తప్పు అయితే సర్దుకోవచ్చు. ఇది తలకిందుల తప్పు. పెద్ద కొనుగోలుదారుకి బలం ఉన్న మాట నిజమే. ఆ బలాన్ని ఇన్నేళ్లూ దేనికి వాడాడన్నదే ప్రశ్న. ధర దించడానికి వాడాడు. అమ్ముడుపోని సరుకు నష్టాన్ని కిందివాడి నెత్తిన పెట్టడానికి వాడాడు. అదే చేత్తో ఇప్పుడు పచ్చదనం షరతు కూడా పెడితే, ఆ షరతు ఖర్చు కూడా పాత దారిలోనే కిందికి జారుతుంది. భూమికి మేలు చేసే పద్ధతి ఏదైనా మొదట్లో డబ్బు అడుగుతుంది, ఓపిక అడుగుతుంది. ఆ డబ్బెవరిది, ఆ ఓపికకు పూచీ ఎవరు అన్నది తేల్చకుండా చేసే ప్రతిజ్ఞ, ఎదుటివాడి జేబులో చెయ్యి పెట్టి చేసే దానం. రిటైల్ సంస్థ తన సరఫరా గొలుసును నిజంగా మార్చదలిస్తే ముందు మార్చాల్సింది తాను కొనే తీరుని. అంటే ధర, ఒప్పంద కాలం, ఆర్డరు మాట నిలబెట్టుకోవడం.

ప్రపంచంలో ఈ ప్రతిజ్ఞల పద్ధతికి పెద్ద నమూనా వాల్‌మార్ట్. 2017లో అది ప్రాజెక్ట్ గిగాటన్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. 2030 నాటికి సరఫరాదారుల చేత వంద కోట్ల టన్నుల ఉద్గారాలు తగ్గించడమో, రాకుండా ఆపడమో చేయిస్తామంది. 2024 ఫిబ్రవరిలోనే, ఆరేళ్ల ముందే, ఆ లక్ష్యం చేరామని ప్రకటించింది. ఆ లెక్క సరఫరాదారులు తమంతట తాము చెప్పుకున్న అంకెల మొత్తం. అదే ఏడాది డిసెంబరులో వాల్‌మార్ట్ మరో సంగతి కూడా చెప్పింది. తన సొంత దుకాణాల, లారీల, శీతల యంత్రాల ఉద్గారాలకు పెట్టుకున్న 2025, 2030 లక్ష్యాలు అందేలా లేవని. ఎదుటివాళ్ల పని గడువుకి ముందే పూర్తయింది, సొంత పని మిగిలిపోయింది. ఇందులో వింతేమీ లేదు. సొంత పనికి డబ్బు తనే పెట్టుకోవాలి.

ఈ సిద్ధాంతాన్ని పరీక్షించడానికి న్యూజిలాండ్‌ని మించిన చోటు దొరకదు. 53 లక్షల జనాభా. కిరాణా వర్తకమంతా దాదాపు రెండు కుటుంబాల చేతిలో ఉంది. ఒకటి ఫుడ్‌స్టఫ్స్. న్యూ వరల్డ్, పాక్‌న్‌సేవ్, ఫోర్ స్క్వేర్ దుకాణాలన్నీ దాని కిందివే. ఉత్తర ద్వీపానికొకటి, దక్షిణ ద్వీపానికొకటి చొప్పున రెండు సహకార సంఘాలుగా నడుస్తుంది. రెండోది ఆస్ట్రేలియా సొత్తయిన వూల్‌వర్త్స్. మొన్నమొన్నటిదాకా దాని బోర్డుల మీద కౌంట్‌డౌన్ అని ఉండేది. 2024లో వాణిజ్య కమిషన్ లెక్క ప్రకారం ఈ రెంటి చేతిలోనే 82 శాతం మార్కెట్ ఉంది. ఆక్లాండ్ శాండ్రింగ్‌హామ్ రోడ్డులోని మన కిరాణా కొట్లలో కందిపప్పు, కరివేపాకు కొనుక్కునే తెలుగు కుటుంబం కూడా పాలకి, గుడ్లకి, ఉల్లిగడ్డకి ఈ రెంటిలో ఒకదాని గుమ్మం తొక్కాల్సిందే. పెద్దరికమే మందు అయితే, ప్రపంచంలో అందరికంటే ముందు జబ్బు నయం కావలసిన దేశం ఇదే.

ఏం నయమైందో చూద్దాం. ముందుగా కనిపించేది సంచీ. 2019 జులై 1న న్యూజిలాండ్ పల్చటి ప్లాస్టిక్ క్యారీబ్యాగుల్ని నిషేధించింది. 2023 జులై 1న కూరగాయలు, పళ్లు వేసుకునే కవర్లని కూడా నిషేధించి ఆ పని చేసిన మొదటి దేశమనిపించుకుంది. మంచి పని, సందేహం లేదు. సముద్రతీరాలకి మేలు జరిగింది. కానీ ఖర్చు ఎటు పోయిందో గమనించండి. దుకాణం ఉచితంగా ఇచ్చే సంచీ పోయి, కొనేవాడు డబ్బిచ్చి తెచ్చుకునే సంచీ వచ్చింది. దుకాణానికి పోయిందేమీ లేదు, పేరు మాత్రం దక్కింది.

దుకాణం వంతు వచ్చినప్పుడు కథ ఎలా నడిచిందో మెత్తటి ప్లాస్టిక్ సేకరణ చెబుతుంది. బ్రెడ్డు కవర్లు, బిస్కెట్ కాగితాలు తెచ్చి దుకాణం ముందు డబ్బాలో వెయ్యమని 2015లో ఒక పథకం మొదలైంది. జనం శ్రద్ధగా ఇంట్లో మడిచి తెచ్చి వేశారు. 2018 చివరికి ఆ పథకం ఆగిపోయింది. చైనా చెత్త దిగుమతులకి తలుపు మూసింది, సేకరించిన ప్లాస్టిక్ గుట్టలుగా పేరుకుపోయింది, తీసుకునేవాడు లేడు. ఆక్లాండ్‌కి దక్షిణాన ఉన్న వాయుకులో ఫ్యూచర్ పోస్ట్ అనే చిన్న కంపెనీ ఆ ప్లాస్టిక్‌ని కరిగించి పొలాలకి కంచె గుంజలు చెయ్యడం మొదలుపెట్టాకే 2019లో మళ్లీ డబ్బాలు బయటికొచ్చాయి. డబ్బా పెట్టడం తేలిక. దానిలో పడ్డదానికి గిరాకీ సృష్టించడం కష్టం. ఆ కష్టం చేసినవాడు గొలుసులోని పెద్దవాడు కాదు.

సంచీలూ కవర్లూ పక్కన పెడదాం. సూపర్‌మార్కెట్ వల్ల వాతావరణానికి జరిగే చేటులో సాధారణంగా తొంభై శాతానికి పైగా దుకాణం బయటే, అందులోనూ ఎక్కువగా సరుకు తయారయ్యే చోట జరుగుతుంది. పాలు పితికే చోట, మేత పండే చోట, ఎరువు వేసే చోట. న్యూజిలాండ్ మొత్తం హరితగృహ వాయువుల్లో దాదాపు సగం వ్యవసాయానివే. అందులో ఆవుల, గొర్రెల కడుపుల్లోంచి వచ్చే మీథేన్‌దే పెద్ద వాటా. గడ్డి మేసే ఆవుల దేశమని పేరుపడ్డ ఈ దేశం ఆవుల మేతకని పామాయిల్ గింజల పిండిని ప్రపంచంలో అందరికంటే ఎక్కువగా దిగుమతి చేసుకుంటుంది. ఇండొనేషియా, మలేషియా తోటల నుంచి ఏటా సుమారు 20 లక్షల టన్నులు వస్తుంది. అల్మారాలోని పాల సీసా మీద పచ్చటి కొండ బొమ్మ ఉంటుంది. పామాయిల్ తోట బొమ్మ ఉండదు.

దుకాణాల కళ్లు కనిపించే వాటి మీదే ఎందుకు పడతాయో చెప్పే చేదు అనుభవం ఒకటి న్యూజిలాండ్‌కి ఉంది. 2007లో బ్రిటన్‌లో టెస్కో, మార్క్స్ అండ్ స్పెన్సర్ విమానంలో వచ్చిన సరుకు మీద విమానం బొమ్మ అంటించడం మొదలుపెట్టాయి. ఆహారం ఎన్ని మైళ్లు తిరిగితే అంత పాపమనే ప్రచారం ఊపందుకుంది. ప్రపంచానికి ఆ చివర ఉన్న న్యూజిలాండ్ గొర్రెమాంసం, వెన్న దోషులుగా నిలబడ్డాయి. అంతకు ముందు ఏడాదే, 2006లో, లింకన్ విశ్వవిద్యాలయం ఒక లెక్క కట్టింది. మేతకి, ఎరువుకి, కరెంటుకి, ఓడకి అయిన శక్తి అంతా కలుపుకుంటే, బ్రిటన్‌లో టన్ను గొర్రెమాంసానికి 2,849 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంటే, న్యూజిలాండ్ నుంచి ఓడలో వచ్చినదానికి 688 కిలోలే. లెక్క కట్టింది న్యూజిలాండ్‌వాళ్లు, వాళ్ల స్వార్థం వాళ్లకుంది అనుకుందాం. మీథేన్‌ని కలిపితే లెక్క ఇంకోలా ఉంటుందని వాదించుకుందాం. అయినా మూల విషయం చెక్కు చెదరదు. భారం పొలం పద్ధతిలో ఉంది, ఓడ ప్రయాణంలో తక్కువ. స్టిక్కరు మాత్రం ప్రయాణానికే పడింది. ప్రయాణాన్ని వేలెత్తి చూపితే దుకాణానికి ఖర్చు లేదు. పొలం పద్ధతిని వేలెత్తి చూపితే, మరి మార్చుకోవడానికి డబ్బిస్తావా అని రైతు అడుగుతాడు.

ఆ ప్రశ్న అడిగే అవకాశం కూడా లేకుండా పోయిన రైతుల కథ ఒకటుంది. అది కోడిగుడ్డు కథ. ఈ చర్చ మొత్తానికి ఇంతకంటే మంచి పాఠం నాకు కనబడలేదు.

2012 నాటికి న్యూజిలాండ్ గుడ్ల కోళ్లలో 86 శాతం ఇరుకు బోనుల్లో ఉండేవి. ఆ ఏడాది ప్రభుత్వం కొత్త నియమావళి తెచ్చింది. పదేళ్లలో, అంటే 2022 చివరికి, ఆ బోనులు పోవాలి. బదులుగా కాలనీ బోనులు పెట్టుకోవచ్చు. అవి కొంత పెద్దవి. అందులో కోళ్లు గుంపుగా ఉంటాయి, వాలడానికి కర్ర, గుడ్డు పెట్టుకోవడానికి చాటు ఉంటాయి. చట్టం ఒప్పుకున్న దారి ఇది. బ్యాంకు అప్పు తెచ్చి, షెడ్లు కట్టి, రైతులు ఆ దారిలో నడిచారు. షెడ్డు మీద పెట్టిన పెట్టుబడి తిరిగి రావాలంటే ఏళ్లు పడుతుంది.

2017లో రెండు సూపర్‌మార్కెట్ కుటుంబాలూ ఒకటి తరవాత ఒకటి ప్రకటించాయి. కొన్నేళ్లలో బోను గుడ్లు ఏ రకమైనవీ అమ్మబోమని. గడువులు వేరు, సారం ఒకటే. కాలనీ బోను చట్టానికి సరిపోయింది, కొనేవాడికి సరిపోలేదు. కొత్త షెడ్డు అప్పు ఇంకా తీరని రైతు, ఇప్పుడు దాన్ని వదిలి కోళ్లని నేల మీద తిప్పే పద్ధతికి మారాలి. దానికి ఇంకా ఎక్కువ నేల కావాలి, కొత్త అనుమతులు కావాలి, మళ్లీ అప్పు కావాలి. ఇచ్చేదెవరు? కొందరు మారారు. కొందరు కోళ్లు తీసేసి తప్పుకున్నారు. అదే సమయంలో కోవిడ్ వచ్చింది, ఉక్రెయిన్ యుద్ధంతో దాణా ధర మండిపోయింది. 2023 జనవరిలో, నిషేధం అమల్లోకి రాగానే, దేశమంతటా గుడ్ల అరలు ఖాళీ అయ్యాయి. మనిషికింతే అని దుకాణాలు బోర్డులు పెట్టాయి. ట్రేడ్ మీ అనే అమ్మకాల వెబ్‌సైట్‌లో జనం కోడిపెట్టల కోసం వెతికారు. గుడ్లకని కోళ్లని కొనేసి తరవాత వాటిని గాలికి వదలకండి మహాప్రభో అని జంతు సంక్షేమ సంఘం మొత్తుకోవలసి వచ్చింది.

కోళ్లని ఇరుకు బోనులోంచి బయటికి తీసుకురావడం తప్పని నేననడం లేదు. తియ్యాల్సిందే. కానీ ఆ ప్రకటన చేసిన రోజున రెండు కుటుంబాల్లో ఏదైనా రైతు దగ్గరికెళ్లి, నీ పాత షెడ్డు అప్పు తీరేదాకా ఇంత ధరకి ఇన్నేళ్లు నీ దగ్గర కొంటాను, ఈలోగా మారు అని రాతపూర్వకంగా హామీ ఇచ్చి ఉంటే ఎలా ఉండేది? ఆ కాగితం చూపిస్తే బ్యాంకు కొత్త అప్పు ఇచ్చేది. పత్రికా ప్రకటన చూపిస్తే ఏ బ్యాంకూ ఇవ్వదు. ప్రతిజ్ఞ వల్ల దుకాణానికి దక్కింది మెచ్చుకోలు, రైతుకి దక్కింది గడువు, వినియోగదారుకి దక్కింది ఖాళీ అర. ఇదంతా చూశాక కూడా పెద్ద కంపెనీ ప్రతిజ్ఞ చేస్తే గొలుసు మారుతుందని ఎవరైనా అంటే, ఎవరి ఖర్చుతో అని అడగక తప్పదు.

ఆ బేరం ఎందుకు జరగలేదో అర్థం కావాలంటే వాణిజ్య కమిషన్ 2022 మార్చిలో ఇచ్చిన నివేదిక చూడాలి. పెద్ద సూపర్‌మార్కెట్లు ఏడాదికి సుమారు 43 కోట్ల డాలర్లు, అంటే రోజుకి పది లక్షలకి పైన, మామూలుగా రావలసిన దానికి మించి లాభం చేసుకుంటున్నాయని ఆ నివేదిక తేల్చింది. ఈ అంకెనే పత్రికలు పట్టుకున్నాయి. నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైన మాట మరొకటి ఉంది. సరఫరాదారులు వేరే గతి లేక, సరుకుని అల్మారాలోంచి తీసేస్తారనే భయంతో, తమవి కాని ఖర్చులూ నష్టభయాలూ మోస్తున్నారని. దాంతో 2023లో ప్రత్యేక చట్టం వచ్చింది, కిరాణా కమిషనర్ పదవి వచ్చింది, ఆ ఏడాది సెప్టెంబరు 28 నుంచి సరఫరా నియమావళి అమలైంది. ఒప్పందాన్ని ఒకవైపే తోచినట్టు మార్చకూడదు, దుకాణంలో పోయిన సరుకు ఖర్చు సరఫరాదారు మీద రుద్దకూడదు, సమయానికి డబ్బు చెల్లించాలి అని అందులో రాశారు. ఈ మాటల్ని చట్టం చేసి రాయవలసి వచ్చిందంటేనే అంతకు ముందు ఏం జరుగుతుండేదో తెలుస్తోంది.

2024 అక్టోబరు 1న ఇదే కమిషన్ ఇంకో తీర్పు చెప్పింది. ఫుడ్‌స్టఫ్స్ ఉత్తర, దక్షిణ సంఘాలు ఒకటవుతామంటే కుదరదంది. చెప్పిన కారణాల్లో ముఖ్యమైనది, సరఫరాదారులకి ఇప్పుడున్న పెద్ద కొనుగోలుదారులు ముగ్గురు కాస్తా ఇద్దరైపోతారని. పెద్దరికం పెరిగితే పచ్చదనం పెరుగుతుందనే పెద్దలు ఈ తీర్పుని ఒకసారి చదవాలి. బేరమాడే శక్తి లేని రైతు ప్రయోగం చెయ్యడు. వచ్చే ఏడాది తన సరుకు ఉంటుందో ఉండదో తెలియనివాడు పదేళ్ల తరవాత ఫలితమిచ్చే చెట్టు నాటడు.

దగ్గర్నుంచి చూస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. ఆక్లాండ్‌కి దక్షిణాన పుకెకోహె అనే ఊరుంది. ఎర్రటి అగ్నిపర్వత మట్టి, మంచు తక్కువ, ఏడాది పొడుగునా పంట. దేశంలో పండే కూరగాయల విలువలో నాలుగో వంతు దాకా ఈ చుట్టుపక్కలదే. మనవాళ్లకీ ఈ ఊరితో సంబంధముంది. వందేళ్ల కిందటే గుజరాతీ, పంజాబీ కుటుంబాలు ఇక్కడ కూరగాయలు పండించాయి. దశాబ్దాల తరబడి ఎరువు పోసి పంట తీసిన ఈ నేల కింద నీళ్లలో నైట్రేట్ బాగా చేరింది.

అక్కడ బ్రోకలీ వేసే ఒక రైతుని ఊహించుకోండి. నారు పోసిన రోజుకి దుకాణం నుంచి వచ్చిందల్లా వారానికి ఇన్ని పెట్టెలు కావచ్చుననే అంచనా. అంచనా అంటే ఒప్పందం కాదు. తక్కువ పండితే, అడిగిన సరుకు ఇవ్వలేదని చెడ్డపేరు, మరుసటి ఏడాది వరసలో వెనక్కి. అందుకని కావలసినదానికంటే కొంచెం ఎక్కువే వేస్తాడు. పువ్వు చిన్నదైతే పెట్టెలో కూర్చోదు, రంగు పసుపు తిరిగితే వెనక్కి వస్తుంది. కాబట్టి ఎరువు కూడా రెండు గుప్పిళ్లు ఎక్కువే వేస్తాడు. కోత వారంలో వాన పడి, జనం దుకాణానికి రాకపోతే, ఆర్డరు తగ్గుతుంది. మిగిలింది ట్రాక్టరుతో మట్టిలో కలిపేస్తాడు. ఆ కలిపేసిన పంటకి పోసిన ఎరువు వానతో పాటు భూమిలోకి దిగుతుంది. ఇప్పుడు చెప్పండి, ఆ నీళ్లలోని నైట్రేట్ రైతు మూర్ఖత్వమా, ఆర్డరు పద్ధతా? తక్కువ ఎరువు వాడమని రైతుకి ఎన్ని శిక్షణ తరగతులు పెట్టినా, ఆర్డరు రాసే తీరు మారకపోతే ఆ రెండు గుప్పిళ్లూ తగ్గవు. 2020లో మంచినీటి నిబంధనలు తెచ్చినప్పుడు ప్రభుత్వం పుకెకోహెకి, హోరోఫెనువాకి మినహాయింపు ఇచ్చింది. నిబంధన కచ్చితంగా పెడితే దేశానికి కూరగాయలు ఉండవని భయం. దాన్నిబట్టి రైతు ఎంత అంచు మీద నిలబడి ఉన్నాడో తెలుసుకోవచ్చు.

వంకర కూరగాయల్ని కూడా అమ్ముతున్నాం కదా అని దుకాణం అంటుంది. నిజమే, 2017 నుంచి ఆడ్ బంచ్ పేరుతో ఒక అర ఉంది, అక్కడ సొట్టపోయిన యాపిల్, రెండు కాళ్ల క్యారెట్ తక్కువ ధరకి దొరుకుతాయి. పేదవాడికి ఉపయోగమే. కానీ పక్కనున్న పెద్ద అరలో కొలతల నియమం అలాగే ఉంది. అదే నేల, అదే నీరు, అదే కూలి ఖర్చయిన సరుకుకి రైతుకి తక్కువ డబ్బు వస్తుంది, దుకాణానికి ఎక్కువ పుణ్యం వస్తుంది. మొదటి అర కొలతల్నే వదులు చేస్తే రెండో అర అవసరమే రాదు.

కూలీల సంగతికి వస్తే అక్కడా ఇదే వరస. హాక్స్ బే యాపిల్ తోటల్లో, బే ఆఫ్ ప్లెంటీ కివీ తోటల్లో కోతకి 2007 నుంచి వనువాటు, సమోవా, టోంగా దీవుల మనుషులు ప్రత్యేక పథకం కింద వస్తున్నారు. వాళ్ల వసతి గదుల గురించి, జీతంలో కోతల గురించి 2022లో న్యూజిలాండ్ మానవ హక్కుల కమిషన్ గట్టిగానే హెచ్చరించింది. బ్రిటన్ 2015లో, ఆస్ట్రేలియా 2018లో పెద్ద కంపెనీలు తమ సరఫరా గొలుసులో వెట్టిచాకిరీ లేకుండా చూడటానికి ఏం చేస్తున్నాయో నివేదిక ఇవ్వాలనే చట్టాలు తెచ్చాయి. న్యూజిలాండ్‌లో 2022లో అభిప్రాయ సేకరణ జరిగింది, ఆ తరవాత ఫైలు ఏళ్ల తరబడి నానింది.

ఇది న్యూజిలాండ్‌కి మాత్రమే పట్టిన జబ్బయితే మనం ఇంత రాసుకోనక్కర్లేదు. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువు గట్టున నిలబడితే ఇదే కథ తెలుగులో వినిపిస్తుంది. అమెరికా సూపర్‌మార్కెట్‌కి సుస్థిరత ముద్ర ఉన్న రొయ్య కావాలి. ఆ ముద్రకి తనిఖీలు కావాలి, రికార్డులు కావాలి, వాటికి ఖర్చవుతుంది. రొయ్య ధర మాత్రం కౌంటుని బట్టి, ఆ వారం మార్కెట్టుని బట్టి పలుకుతుంది. ముద్ర ఉన్నందుకు చెరువు గట్టు దగ్గర అదనంగా ఎంతిస్తారని అడిగితే గట్టి జవాబు రాదు. 2024 మార్చిలో ఆంధ్రా రొయ్యల శుద్ధి కర్మాగారాల్లో పని పరిస్థితుల మీద అమెరికా పరిశోధక సంస్థల నివేదికలు వచ్చినప్పుడు అందరూ కర్మాగారాల వైపు వేలు చూపారు. కర్మాగారం తప్పు కర్మాగారానిదే, దాన్ని మాఫీ చెయ్యనక్కర్లేదు. కానీ అంత చవగ్గా కావాలని ఏళ్ల తరబడి ఒత్తిడి పెట్టిన కొనుగోలుదారు చేతులు కడుక్కుని పక్కన నిలబడితే కుదరదు.

ఇక ఎదురు వాదనలు. మొదటిది, ఎక్కువగా వినబడేది: రైతుకి ఎక్కువిస్తే సరుకు ధర పెరుగుతుంది, పేదవాడి పొట్ట కొట్టినట్టవుతుంది. ఈ మాటలో బరువుంది. న్యూజిలాండ్‌లో కూరగాయలు కొనలేక ఆహార బ్యాంకుల గుమ్మం దగ్గర నిలబడేవాళ్లు తక్కువేమీ లేరు. అయితే పేదవాడి పేరు చెప్పేది ఎవరు? రోజుకి పది లక్షల డాలర్లు అదనపు లాభం చేసుకుంటున్నారని కమిషన్ చేత అనిపించుకున్నవాళ్లు. ఆ డబ్బులో పిసరంత పొలానికి మళ్లిస్తే అరలో ధర కదలనక్కర్లేదు. పైగా, మట్టిలో కలిపేసిన పంట ఖర్చు, వెనక్కి పంపిన పెట్టె ఖర్చు, ఖాళీ గుడ్ల అర పెంచిన ధర ఇప్పటికే పేదవాడి బిల్లులో ఉన్నాయి. ఆదాయం పెంచడం, సాయం అందించడం ప్రభుత్వం పని. అది చెయ్యనందుకు రైతు కడుపు మాడ్చడం న్యాయం కాదు.

రెండో వాదన: కొనేవాడే రాజు, వాడు కోరితే మేం మారతాం. కోరడానికి వాడికి ఏం కనిపిస్తోంది? బ్రోకలీ మీద ఒప్పంద కాలం రాసి ఉండదు. పాల సీసా మీద మేత ఎక్కడిదో రాసి ఉండదు. అర కూర్చింది దుకాణం, ధర పెట్టింది దుకాణం, వాడికి కంటికెదురుగా ఏది పెట్టాలో నిర్ణయించింది దుకాణం. పైగా రెండే కుటుంబాలున్న చోట అలిగి పక్క కొట్టుకి పోదామంటే పక్క కొట్టు కూడా అలాంటిదే.

మూడోది కొంచెం తెలివైన వాదన: ముందు కొలవాలి, కొలిచి బయటపెడితే అదే దారికి తెస్తుంది. కొలవాల్సిందే. 2021లోనే చట్టం చేసి, పెద్ద కంపెనీలకి వాతావరణ నివేదికల్ని తప్పనిసరి చెయ్యడంలో ముందు నిలిచిన దేశాల్లో న్యూజిలాండ్ ఒకటి, ఆ గౌరవం దానికివ్వాలి. కానీ అసలు కీలకమైన లెక్క, అంటే సరఫరా గొలుసులోని ఉద్గారాల లెక్క, వాయిదా పడుతూ వచ్చింది. 2025 అక్టోబరులో ప్రభుత్వం, నమోదైన కంపెనీల్లో ఈ నివేదిక ఇవ్వాల్సినవాటి స్థాయిని 6 కోట్ల డాలర్ల నుంచి ఏకంగా 100 కోట్ల డాలర్ల విలువకి పెంచుతామంది. 2019లోనే వేర్‌హౌస్ గ్రూప్ అనే రిటైల్ సంస్థ కార్బన్ తటస్థ సంస్థగా ధ్రువీకరణ పొందింది. అది సంస్థ సొంత కార్యకలాపాలకి సంబంధించిన ధ్రువీకరణ. దుకాణంలోని చొక్కా, కుర్చీ, బొమ్మ తయారైన ఫ్యాక్టరీల పొగ ఆ లెక్కలోకి రాదు. కొలతబద్ద ఎక్కడ ఆగుతుందో అక్కడే పుణ్యం మొదలవుతోందన్నమాట. సరే, రేపు అన్నీ కొలిచారనుకుందాం. పొలం దగ్గర ఇంత పొగ వస్తోందని కచ్చితంగా తెలిసింది. తరవాత? ఆ పొగ తగ్గించే ఖర్చు ఎవరు పెడతారన్న మొదటి ప్రశ్న దగ్గరికే మళ్లీ వస్తాం.

ఆ ప్రశ్నకి జవాబు ఉండకపోలేదు. న్యూజిలాండ్‌లోనే ఉంది, విచిత్రంగా సూపర్‌మార్కెట్ల దగ్గర కాదు. 2025 ఫిబ్రవరిలో ఫాంటెర్రా పాల సహకార సంఘం ఒక పథకం ప్రకటించింది. జూన్ 1 నుంచి, అందరికంటే తక్కువ ఉద్గారాలతో పాలు తీసే కొన్ని వందల మంది రైతులకి పాల ఘనపదార్థం కిలోకి 10 నుంచి 25 సెంట్లు అదనం. ఆ డబ్బు పెట్టేది కొనుగోలుదారులు, మార్స్, నెస్లే కంపెనీలు. వాళ్లేమీ ధర్మాత్ములు కారు. తమ సరఫరా గొలుసులో ఉద్గారాలు తగ్గిస్తామని లోకానికి మాటిచ్చారు, ఆ మాట పాల డబ్బాలో నెరవేరాలంటే పాడి రైతుకి డబ్బు చేరాలని గ్రహించారు. ఈ మొత్తం చాలదని, ఇప్పటికే బాగా చేస్తున్నవాళ్లకే దక్కుతోందని విమర్శించవచ్చు, విమర్శించాలి కూడా. కానీ దారి మాత్రం సరైనది. షరతుతో పాటు సొమ్ము కూడా పైనుంచి కిందికి దిగింది. చాక్లెట్ కంపెనీకి సాధ్యమైనది, పాలని నేరుగా అమ్మే సూపర్‌మార్కెట్‌కి ఎందుకు సాధ్యం కాదు?

సాధ్యం చెయ్యాలంటే చెయ్యాల్సినవి గాలిలో మేడలేమీ కావు. పద్ధతి మార్చుకోమని ఏ సరఫరాదారునైనా అడిగినప్పుడు, ఆ పెట్టుబడి తిరిగొచ్చేదాకా కొంటామనే ఒప్పందం దానికి జత చెయ్యాలి. అంచనా వేసినదాంట్లో ఒక భాగాన్ని తప్పనిసరిగా కొనాలి, కొనకపోతే నష్టపరిహారమివ్వాలి. సర్టిఫికెట్ అడిగినవాడే దాని రుసుములో వాటా పెట్టుకోవాలి. మొదటి అర కొలతలు వదులు చెయ్యాలి. న్యూజిలాండ్‌లో సరుకు బరువులో నూటికి తొంభై పాళ్లకు పైగా రోడ్డు మీదే పోతోంది. రాత్రికి రాత్రి అర నిండాలనే ఆర్డరు పద్ధతి సడలించి, నిల్వ ఉండే సరుకునైనా రైలుకీ తీరం వెంబడి ఓడకీ మళ్లించాలి. చిట్టచివరిగా, కొనుగోలు విభాగంలో పనిచేసే ఉద్యోగి బోనస్‌ని ఎంత ధర దించావన్నదానితో మాత్రమే ముడిపెట్టడం మానాలి. మేడ మీద సుస్థిరత విభాగం ప్రతిజ్ఞలు రాస్తుంటే, కింద కొనుగోలు విభాగం సెంటు సెంటుకీ గొంతు నొక్కుతుంటే, రైతుకి వినబడేది కింది గొంతే.

ఇవి కంపెనీలు ఇష్టపూర్వకంగా చేస్తాయని నాకు నమ్మకం లేదు. కిరాణా కమిషనర్‌కి ఇప్పటికే ఒక నియమావళి ఉంది. పర్యావరణ షరతు పెట్టినవాడు దాని ఖర్చులో వాటా ఒప్పందంలో రాయాలనే ఒక్క నిబంధన అందులో చేర్చడానికి కొత్త చట్టమంత హడావుడి అక్కర్లేదు. అప్పుడు ఆ నియమావళి కిందికి వచ్చే పెద్ద సంస్థల్లో ఎవరి ప్రతిజ్ఞకి వాళ్లే డబ్బు కట్టాలి. ఆ నిబంధన వస్తే ప్రతిజ్ఞల సంఖ్య తగ్గుతుందని కొందరు భయపడతారు. తగ్గనివ్వండి. ఎవరో చెల్లిస్తారన్న ధీమాతో చేసిన వంద ప్రతిజ్ఞల కంటే, సంతకం పెట్టి సొమ్ము కట్టిన ఒక్క ఒప్పందం నేలకి ఎక్కువ మేలు చేస్తుంది. ఇకమీదట ఏ రిటైల్ సంస్థైనా సుస్థిరత నివేదిక విడుదల చేస్తే, అందులోని లక్ష్యాల పేజీ తిప్పేసి ఒక్క అంకె అడగండి: ఈ మార్పు కోసం సరఫరాదారులకి మీరు ఈ ఏడాది అదనంగా ఎంత చెల్లించారు? ఆ అంకె లేని నివేదికని ప్రకటనల ఖర్చు కింద రాసుకోవాలి.